ఆఖరి బండి సాకు

మా స్లైగోలో కోర్టుకి ఎదురుగా, టీలింగ్ స్ట్రీట్‌లో, ఒక పాత కిటికీ ఉంది. ఎప్పుడో మూతబడిన సొలిసిటర్ల ఆఫీసుది. దాని మీద ఆ ఇద్దరు భాగస్వాముల ఇంటిపేర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి: ఆర్గ్యూ అండ్ ఫిబ్స్. మొదటిదానికి వాదించడం అని అర్థం, రెండోది పైకి చదివితే చిన్న చిన్న అబద్ధాలు అన్నట్టు వినబడుతుంది. వకీళ్ళకి ఇంతకంటే నిజాయితీ గల బోర్డు భూమ్మీద ఇంకెక్కడా ఉండదని ఊరికి చుట్టమెవరొచ్చినా తీసుకెళ్ళి చూపిస్తుంటాం. మొన్న మే నెల సెలవులకి మా పిన్ని కూతురు వస్తే తనకీ చూపించాను. తను డబ్లిన్‌లో ఒక పెద్ద లా ఫర్ములో ట్రైనీ సొలిసిటరు. చూసి నవ్వి, నాలుగైదు ఫోటోలు తీసుకుని, "పోన్లే అన్నయ్యా, మా ఆఫీసులో ఎవరితోనన్నా నాలుగు మాటలు కలపడానికి పనికొస్తుంది" అంది.

పరాచికంగా అన్లేదు. నిజంగానే అంది. మాట కలపడానికి ఫోటోలు పోగేసుకోవాల్సిన అవసరం ఆ పిల్లకి ఎందుకొచ్చిందో, అందులో నా పాపం ఎంతుందో... అదీ ఇవాళ్టి సంగతి.

ముందు నా గొడవ కాస్త చెప్పుకోవాలి. నేను 2014లో కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చెయ్యడానికి డబ్లిన్ వచ్చాను. అంతకు ముందు మూడేళ్ళు మాదాపూర్‌లో ఉద్యోగం. అక్కడా ఇవన్నీ ఉండేవి: టీమ్ లంచ్‌లు, రామోజీ ఫిల్మ్ సిటీ ప్రయాణాలు, శుక్రవారం సాయంత్రం కుర్చీలాటలు. నేను ప్రతిదానికీ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఒకే ఏడాదిలో మా అమ్మమ్మకి రెండుసార్లు ఒంట్లో బాగాలేదని చెప్పిన గుర్తు. (మా అమ్మమ్మ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.) ఇక్కడికొచ్చాక వంక వెతుక్కోవాల్సిన పని కూడా తప్పింది. 2021లో మా ఆవిడకి స్లైగో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో ఇటు మారిపోయాం. నేను వారానికి రెండ్రోజులు, బుధ గురువారాలు, డబ్లిన్ వెళ్ళొస్తాను. గురువారం సాయంత్రం ఆఫీసులో అందరూ పబ్బు దారి పడుతుంటే నేను సంచి భుజానేసుకుని, "మా ఊరికి ఆఖరి బండి ఉంది" అంటాను. ఇంత తిరుగులేని సాకు ఇంకోటి లేదు. కనొలీ స్టేషన్లో ఎక్కితే మనూత్, మలింగర్, లాంగ్‌ఫర్డ్, క్యారిక్, బాయిల్ మీదుగా మూడు గంటల పైచిలుకు ప్రయాణం. పాపం, ఎంత దూరమో అని జాలి కూడా పడతారు.

నా క్లయింటు కూడా డబ్లిన్‌లోనే ఒక పెద్ద లా ఫర్ము. మా చెల్లెలు చేసేది కాదు, ఇంకోటి. రెండింటి పేర్లూ ఎందుకు లెండి. ఈ లాయర్లు కాలాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా కోసి అమ్ముతారు, గంటకి పది ముక్కలు. ఫోనెత్తి మాట్లాడితే ఒక ముక్క, ఉత్తరం చదివితే ఇంకో ముక్క. ఆ ముక్కల్ని లెక్కగట్టే పాత సాఫ్ట్‌వేరుని కొత్తదాంట్లోకి మార్చడం నా పని. కొత్త కోడ్ల పట్టిక ఖరారు చేసే మీటింగులో ఒక ట్రైనీ కుర్రాడు చెయ్యెత్తాడు. సాయంత్రాలు క్లయింట్ల పార్టీలో మూడు గంటలు నిలబడితే దాన్ని ఏ కోడ్ కింద రాసుకోవాలని అడిగాడు. దానికో కోడుంది, కాకపోతే బిల్లుకెక్కదు, ఏడాది టార్గెట్‌లోకీ రాదు. "మరి క్లయింట్లు లేకుండా మనకి మనమే చేసుకునే పార్టీలైతే?" అన్నాడు. గదంతా నవ్వులు. అది సరదా కదా, దానికి కోడేంటి అన్నారెవరో. నేనూ నవ్వాను. పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలేసి తరవాతి వరుసకి పోయాం.

సరదానో కాదో తెలియాలంటే ఆ పిల్లల బతుకెలా ఉంటుందో కాస్త తెలియాలి. ఇక్కడ సొలిసిటరు కావాలంటే ముందు లా సొసైటీ వాళ్ళ ప్రవేశ పరీక్ష, ఎనిమిది పేపర్లు. ఆ తరవాత రెండేళ్ళ ట్రైనింగు కాంట్రాక్టు, మధ్యలో బ్లాక్‌హాల్ ప్లేసులో క్లాసులు. పెద్ద ఫర్ముల్లో కొన్ని నెలలకోసారి డిపార్ట్‌మెంటు మారుస్తారు. కంపెనీల వ్యవహారాలు, కోర్టు దావాలు, ఆస్తులు... దాన్ని సీటు అంటారు. కాంట్రాక్టు చివర ఉంచుకునేది ఎవరిని, సాగనంపేది ఎవరిని అన్నది ఆ డిపార్ట్‌మెంటుల్లో పెద్దవాళ్ళ చేతిలో ఉంటుంది. ఇక్కడి పిల్లలకి ఈ ఫర్ము కాకపోతే ఇంకోటి. మా చెల్లెలి లాంటివాళ్ళకి ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే పెట్టె సర్దుకోవడమే.

ఆ రెండేళ్ళలో వాళ్ళకి జరిగే పార్టీలు చూస్తే మన సంక్రాంతి నెల గుర్తొస్తుంది, రోజుకో పండగ. చేరిన వారంలో స్వాగత విందు. గురువారం గురువారం పబ్బు. సీటు మారితే పాత డిపార్ట్‌మెంటు వాళ్ళ వీడ్కోలు, కొత్త డిపార్ట్‌మెంటు వాళ్ళ ఆహ్వానం. ధర్మకార్యానికి డబ్బు పోగెయ్యడానికి టేబుల్ క్విజ్. ఎండాకాలం ట్యాగ్ రగ్బీ, అంటే నడుముకి కట్టుకున్న గుడ్డపీలికల్ని అవతలివాడు లాక్కోవడమే తప్ప కింద పడెయ్యకూడదు. (ఆడాళ్ళూ మగాళ్ళూ కలిసి ఆడతారు, తరవాత మళ్ళీ పబ్బు.) డిసెంబరు వస్తే ఇంకేముంది, క్రిస్ కిండిల్ కానుకలు, క్రిస్మస్ డిన్నరు. దానికి తోడు పన్నెండు పబ్బుల వ్రతం ఒకటి. ఒకే రాత్రి పన్నెండు పబ్బులు తిరగాలి, ఒక్కో పబ్బుకీ ఒక్కో నియమం: ఇక్కడ ఎడం చేత్తోనే తాగాలి, అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు, ఇలా. మన నోములకున్నన్ని నియమాలు.

దేనికీ రావాలని రూలు లేదు. మెయిల్లో కూడా "వీలైతే రండి" అనే ఉంటుంది.

పోయినేడాది సెప్టెంబరులో చేరిన రెండో వారం చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, గురువారాలు వీళ్ళు బయటికెళ్తున్నారు. నేను తాగను కదా, వెళ్ళాలా వద్దా?" అని. ఐర్లండులో దానికున్న పెద్ద దిక్కు నేనే మరి. పెద్దరికం చూపించే అవకాశం ఊరికే వదులుకుంటామా? ఒక ఉపన్యాసం ఇచ్చాను. నీ పని నువ్వు చక్కగా చెయ్యి, పనే మాట్లాడుతుంది, సాయంత్రం నీ సొంతం, ఎవడికీ బాకీ లేవు, అన్నాను. దానికి తోడు ఒక కోర్టు తీర్పు కూడా తగిలించాను. పారిస్‌లో ఒకాయన్ని 2015లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కంపెనీ వాళ్ళు తప్పనిసరి సరదాగా పెట్టుకున్న తాగుళ్ళకీ పార్టీలకీ ఆయన కలిసి రావట్లేదన్నది కారణాల్లో ఒకటి. అలా తీసెయ్యడం చెల్లదని ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2022 నవంబరులో చెప్పింది. "చూశావా, చట్టం మనవైపే!" అన్నాను, లాయరుతో.

"ఆయనకి ఏడేళ్ళు పట్టిందన్నమాట" అంది. అప్పటికి నాకా మాట చెవికెక్కలేదు.

నా మాట విని ఆర్నెల్లు ఏ పార్టీకీ వెళ్ళలేదు. స్వాగత విందుకి వెళ్ళి గంటలో వచ్చేసింది. క్రిస్మస్ డిన్నరుకి తలనొప్పి అంది. మార్చిలో మొదటి సీటు సమీక్ష జరిగింది. పని గురించి అన్నీ మంచి మాటలే: డ్రాఫ్టింగు శుభ్రం, గడువులు తప్పలేదు, తప్పులు లేవు. చివర ఒక్క వాక్యం, ఇంకా కాస్త కనబడుతూ ఉంటే బావుంటుందని, డిపార్ట్‌మెంటులో చాలామందికి తనెవరో తెలిసే అవకాశం రాలేదని. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదింటిదాకా అదే అంతస్తులో కూర్చునే పిల్ల గురించి!

ఆ రాత్రి ఫోన్లో ఏడవలేదు. ఏడ్చినా బావుండేది. "నువ్వు చెప్పింది తప్పు కాదన్నయ్యా, అది నీ ఉద్యోగానికి సరిపోతుంది. నువ్వు కాంట్రాక్టరువి" అంది, అంతే.

ఆ మాట తరవాత నుంచి నా క్లయింటు ఆఫీసులో నేను కొంచెం చెవులు రిక్కించడం మొదలెట్టాను. మనకి అలాంటి చోట్ల ఒక సౌకర్యం ఉంది: కంప్యూటరు బాగుచేసేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. మన పక్కనే నిలబడి అన్నీ మాట్లాడేసుకుంటారు. ఒక శుక్రవారం ఇంటి నుంచి కాల్‌లో ఉన్నాను, అవతల మైకు ఆపడం మర్చిపోయారు. పెద్దగా ఉన్న ఒక కేసుకి ఒక ట్రైనీ కావాలి. ఎవర్నేద్దాం అని ఒకరు. నిన్న క్విజ్‌లో ఆఫ్రికా నదులన్నీ గడగడా చెప్పాడే, వాడెవడు, వాణ్ణివ్వండి, అని ఇంకొకరు. నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. దుర్మార్గం ఏమీ లేదు అందులో, కుట్రా లేదు. మనిషికి గుర్తొచ్చిన పేరు నోట్లోంచి వచ్చింది. ఆ నదులు చెప్పిన కుర్రాడికి ఆ కేసు వచ్చింది, ఆ కేసు చేశాడు గనక దాని మీద మాట్లాడగలడు, మాట్లాడగలడు గనక తరవాతిది వస్తుంది. ఆ పేరు పలికిన టైములో ఇల్లు చేరడానికి బండెక్కేసినవాళ్ళు లిస్టులోనే లేరు.

మా పెదనాన్న తెనాలిలో ప్లీడరు. 1970లలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియరుగా చేరారు. స్టైపెండూ లేదు గాడిదగుడ్డూ లేదు. (జూనియర్లకి పట్నాల్లో నెలకి కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో ఒక సర్క్యులరు పంపింది. అదీ సిఫారసే.) పగలు కోర్టు, సాయంత్రం సీనియరు గారింటి ముందు గదిలో కాగితాలు. వాళ్ళమ్మాయి పెళ్ళికి జూనియర్లందరూ పంచె బిగించి వడ్డనకి దిగారట. మా పెదనాన్నకి పులిహోర బకెట్టు ఇచ్చారు. బంతిలో కూర్చున్న ఒక రైసుమిల్లు ఆసామి, "ఎవరబ్బాయివయ్యా నువ్వు, చెయ్యి పెద్దదే!" అన్నాడట. మా పెదనాన్నకి సొంతంగా వచ్చిన మొదటి కేసు ఆయనదే. ఈ కథ మేం చిన్నప్పటి నుంచి ఓ యాభైసార్లు విన్నాం. చెప్పిన ప్రతిసారీ ఆయన చేత్తో గరిటె తిప్పి చూపించేవారు.

మార్చిలో చెల్లెలి సంగతి చెబుదామని పిన్నికి ఫోన్ చేస్తే పెదనాన్న అక్కడే ఉన్నారు. మళ్ళీ ఆ కథే మొదలెట్టారు. ఈసారి మాత్రం మధ్యలో ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటి దొర్లింది. అదే ఆఫీసులో ఇంకో జూనియరు ఉండేవాడట. "డ్రాఫ్టింగులో మా అందరికంటే గట్టివాడురా. సీనియరు గారే అనేవారు" అన్నారు. ఆయనకి ఏ బకెట్టు ఇచ్చారు పెదనాన్నా అని అడిగాను. "వాణ్ణి వడ్డనకి పిలవలేదులే" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఎందుకు పిలవలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి అది వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తరవాత ఆయన ఏమయ్యాడంటే, ఎక్కడో గుమస్తా ఉద్యోగం చూసుకున్నాడట.

యాభైసార్లు విన్న కథలో ఆయన ఒక్కసారి కూడా కనబడలేదు. కనబడలేదన్న మాట అప్పటి నుంచి నాకు వేరేగా వినబడుతోంది.

చెల్లెలు ఉండేది డబ్లిన్‌లో ఫిబ్స్‌బరో దగ్గర. బుధవారాలు రాత్రి వాళ్ళింట్లోనే పడుకుంటాను. దారిలో బ్రాడ్‌స్టోన్ ట్రాము స్టాపు పక్కన పెద్ద పచ్చిక మైదానం, దాని వెనక ఒక గంభీరమైన పాత భవనం. అది కింగ్స్ ఇన్స్, ఇక్కడి బారిస్టర్ల సంఘం. 1541లో పుట్టిందట. సొలిసిటర్లది కాదు, వాళ్ళ దారి వేరు. ఏప్రిల్లో ఒకరోజు ఆ గేటు ముందు నడుస్తూ, "ఇక్కడ చదివేవాళ్ళకి విందులకి హాజరవ్వడం కోర్సులో భాగం తెలుసా, ఇన్నిసార్లు ఆ హాల్లో కూర్చుని తినకపోతే బారిస్టరు పట్టా రాదు" అంది. నేను నమ్మలేదు. "ఒట్టన్నయ్యా. మన వి.వి. గిరి కూడా ఇక్కడి విద్యార్థే" అంది.

రాష్ట్రపతి గిరి గారు డబ్లిన్‌లో చదివారని వినడమే గాని నాకు వివరాలు తెలియవు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వెతికి చదివాం. వరాహగిరి వెంకటగిరి, బరంపురం తెలుగువాడు, తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. 1913లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఇక్కడికి లా చదవడానికి వచ్చాడు. యూనివర్సిటీ కాలేజీలోనూ కింగ్స్ ఇన్స్‌లోనూ చదువు. ఆయనతో పాటు ఇంకా కొందరు భారతీయ విద్యార్థులు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన పంతులు థామస్ మెక్‌డోనా, 1916 ఈస్టరు తిరుగుబాటు ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఒకడు. మే 3న ఆయన్ని కాల్చి చంపారు. గిరికి జూన్ 21న బారిస్టరు పట్టా ఇచ్చారు, ఆ వేసవిలోనే దేశం విడిచి పొమ్మన్నారు. తిరిగొచ్చి చివరికి రైల్వే కార్మికుల నాయకుడయ్యాడు. ఇప్పుడు నేను గురువారం ఎక్కే బండి కనొలీ స్టేషన్లో బయల్దేరి స్లైగోలో మెక్‌డియర్మడ స్టేషన్లో ఆగుతుంది. ఆ రెండూ అదే తిరుగుబాటులో ప్రాణాలు పోగొట్టుకున్న ఇద్దరి పేర్లు, ఇద్దర్నీ మే 12నే కాల్చారు. ఇన్నేళ్ళుగా తిరుగుతూ ఈ సంగతి పట్టించుకోనందుకు సిగ్గేసింది. సరే, ఎక్కడికో పోతున్నాను.

విందులంటే నాకు గాంధీగారు గుర్తొచ్చారు. లండన్లో ఇన్నర్ టెంపుల్‌లో చదివినప్పుడు ఆయనా ఇలాగే విందులు తిన్నారు. ఆత్మకథలో రాసుకున్నారు. నలుగురికి కలిపి రెండు సీసాల వైను ఇచ్చేవారట. ఈయన తాగడు గనక, తమ నలుగురిలో ఈయన ఉంటే మిగతా ముగ్గురికీ వాటా పెరుగుతుంది. అందుకని ఈయన కోసం పోటీపడేవారట. ఇది చెప్పగానే చెల్లెలు పగలబడి నవ్వింది. "అంటే నా గిరాకీ అంతా నా సీసాదన్నమాట!"

నవ్వాక ఒక మాట అంది, అది నాకిప్పటికీ నచ్చుతుంది. "వాళ్ళకి నయం అన్నయ్యా. ఇన్ని విందులు అని రాసిపెట్టి ఉంది. లెక్క ప్రకారం తిని చేతులు కడుక్కోవచ్చు. మాకు రాసిపెట్టి లేదు, అందుకే దానికి అంతూ లేదు."

ఇక్కడ నేను మళ్ళీ తొందరపడ్డాను. అయితే ఇకనుంచి అన్నిటికీ వెళ్ళిపో అన్నాను. (ఉచిత సలహాలు ఇవ్వడంలో నాకు అలుపుండదు.) అప్పుడు కోపం వచ్చింది. "నీకు తెలీదు" అంది. రాత్రి పదకొండు దాటాక పబ్బులో పరిస్థితి ఎలా ఉంటుందో, ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందో చూసుకుంటూ మాట్లాడ్డం ఎలా ఉంటుందో, ఆఖరి ట్రాము ఎన్నింటికో మనసులో లెక్కపెట్టుకుంటూ జోకులకి నవ్వడం ఎలా ఉంటుందో. లండన్లో 2016లో ఇలాగే ఒక వీడ్కోలు పార్టీ తరవాత, ఒక పెద్ద ఫర్ము పార్ట్‌నరుకీ ఆయన డిపార్ట్‌మెంటులోనే పనిచేసే జూనియరుకీ మధ్య జరిగిన వ్యవహారం ట్రిబ్యునలు దాకా పోయింది. ఆయనకి 35,000 పౌండ్లు జరిమానా వేశారు. 2020 నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రవర్తన తగనిదే కావచ్చు గాని, మనిషి సొంత జీవితంలోకి వృత్తి నియమాలు ఎంతవరకు రావచ్చో హద్దు ఉందన్నది. ఆ తీర్పు మా చెల్లెలి క్లాసులో అందరూ చదివారట. "వెళ్ళకపోతే కనబడలేదంటారు. వెళ్తే ఆ పబ్బు ఆఫీసో సొంత జీవితమో తరవాత కోర్టు చెబుతుంది" అంది. నా దగ్గర జవాబు లేదు. చాయ్ పెట్టి ఇచ్చాను.

చివరికి ఒక దారి తనే కనిపెట్టుకుంది. కూర్చునేవి ఒప్పుకుంటుంది, నిలబడేవి మానేస్తుంది. అంటే భోజనాలు, క్విజ్‌లు, సినిమాలు సరే. గురువారం పబ్బుకైతే మొదటి గంట, మొదటి రౌండు తనే కొని వచ్చేస్తుంది. ఈ రౌండు సంగతి తెలియక నేను మొదట్లో తలవంపులు తెచ్చుకున్నాను. ఇక్కడ ఎవడిది వాడు కొనుక్కోడు. ఒకడు అందరికీ కొంటాడు, తరవాత ఇంకొకడు. నేను 2015లో ఎవరో కొనిచ్చిన సెవనప్ తాగి, థాంక్స్ చెప్పి ఇంటికెళ్ళిపోయాను. నేను తాగింది సెవనప్పే కదా, వాళ్ళ బీర్లకి నేనెందుకు కొనాలి అని నా లెక్క. బంతి మధ్యలో విస్తరి వదిలేసి లేచిపోయినవాణ్ణి మన పెళ్ళిళ్ళలో ఎలా చూస్తారో, అలా చూశారు తరవాత కొన్ని నెలలు. మా చెల్లెలు ముందే కొనేసి, తనకో బ్లాక్‌కరెంట్ షర్బత్ తెచ్చుకుని, బాకీ లేకుండా బయటపడుతుంది. చెబితే చిన్న విషయంలా ఉంటుంది. బారిస్టరు పార్వతీశం ఓడలో పడ్డ పాట్లకి ఇదేం తక్కువ కాదు.

జూన్లో వాళ్ళ ఫర్ము టేబుల్ క్విజ్. బల్లకి నలుగురు, బయటివాళ్ళూ రావచ్చు, పోగైన డబ్బు ధర్మానికి. వాళ్ళ ముగ్గురు ట్రైనీల జట్టులో నాలుగో మనిషి ఆఖరి నిమిషంలో రానన్నాడట. గురువారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇవాళ ఉంటావా?"

అలవాటు ప్రకారం "ఆఖరి బండి..." అన్నాను. అవతల ఏమీ అనలేదు. మళ్ళీ నేనే, ఉంటానన్నాను.

మేం ఆరో స్థానంలో వచ్చాం. క్రికెట్టు ప్రశ్న ఒక్కటే నావల్ల అయింది, అదీ సగం మార్కు. విరామంలో ఒక పెద్దాయన, వాళ్ళ డిపార్ట్‌మెంటు పార్ట్‌నరు, మా బల్ల దగ్గర ఆగాడు. చెల్లెలు ఆర్గ్యూ అండ్ ఫిబ్స్ ఫోటో తీసి చూపించింది. ఆయన మర్యాదగా నవ్వి, ఇది నాకు ఏటా ఎవరో ఒకరు చూపిస్తారు అన్నాడు. పాపం, రెండు నెలలుగా దాచుకున్న ఫోటో! ఆ తరవాత స్లైగోలో ఎవరున్నారని అడిగితే నన్ను చూపించింది. అంతే, ఆయన నావైపు తిరిగి మొదలెట్టాడు. రైలు సంగతి, స్ట్రాండ్‌హిల్‌లో సముద్రపు నాచు స్నానాలు, నాక్నరే కొండ ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది... పది నిమిషాలు. నేనూ ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాను. చూస్తే, మా చెల్లెలు మధ్యలో కూర్చుని గ్లాసు తిప్పుతోంది. ఆయన్ని కలవడానికి ఆర్నెల్లు పట్టిన పిల్ల పక్కనే ఉండగా, ఆయనతో ఏ పనీ లేని నేను మాట్లాడుతున్నాను.

బాత్రూము ఎక్కడని అడిగి లేచాను. అక్కర్లేదు గాని, పైనున్న నోటీసు బోర్డంతా ఒకటికి రెండుసార్లు చదివి వచ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెల్లెలు ఏదో చెబుతోంది, ఆయన వింటున్నాడు. ఇంకో చుట్టు తిరిగొచ్చాను.

ఇంటికి నడుస్తూ అడిగాను, ఏం మాట్లాడాడు అని.

"వాళ్ళమ్మకి మోకాలి ఆపరేషనుట. మన అమ్మమ్మకి చేయించాం కదా, ఎన్నాళ్ళకి నడిచిందని అడిగాడు."

"పని గురించి ఏమన్నా?"

"లేదు."

"నీ పేరు అడిగాడా?"

"తెలుసన్నాడు." కొంచెం దూరం నడిచాక, "పలకడం మాత్రం తప్పు పలికాడు" అంది.

ఉంచుకుంటారో లేదో తెలియడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. నేను శుక్రవారం పొద్దున్న బండిలో లాప్‌టాప్ తెరిచి పని చేసుకుంటూ స్లైగో చేరాను. మా ఆవిడ నైట్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చి టిఫిను తింటోంది. రాత్రి ఏం తిన్నావంది. చిప్స్, ఉల్లిపాయ రుచివి అన్నాను. జరిగిందంతా చెప్పాను. పార్ట్‌నరు గారి కోసం రెండుసార్లు బాత్రూముకి వెళ్ళిన సంగతి కూడా. అంతా విని, కంచం సింకులో పెట్టి, నావైపు తిరిగింది.

"వచ్చే నెల్లో మా వార్డులో ఒకావిడ రిటైరవుతోంది. డిన్నరు మన ఊళ్ళోనే, నది పక్కన. నాలుగేళ్ళ నుంచి మీ ఆయనెక్కడ, మీ ఆయనెక్కడ అని అడుగుతూనే ఉన్నారు. దీనికి ఏ బండీ లేదు" అని, పడుకోవడానికి వెళ్ళిపోయింది.